పట్టువిడుపులు: హామ్ రేడియోపై ట్యూనింగు, బ్యాండు మార్పిడి

క్రొత్తగా లైసెన్సు పొంది ట్రాన్స్‌సీవరు ముందు కూర్చుండువారియందు రెండు స్వభావములు తఱచుగా కానవచ్చుచుండును. మొదటివాడు నాబుపై చేయి వేసినది మొదలు దానిని త్రిప్పుచునే యుండును. 7 మెగాహెర్జులయందు ఎవరిదో మాట సగము వినబడగనే దానిని విడిచి 14 నకు పోవును, అచ్చట నిమిషమైనను నిలువక 21 నకు దుముకును, అర్ధగంట గడచునప్పటికి అన్ని బ్యాండులను చుట్టివచ్చి, ఒక్కరి పేరైనను పుస్తకమున వ్రాసికొనక, నేడు ఆకాశము బాగులేదని లేచిపోవును. రెండవవాడు నిన్నటి సాయంకాలము ఏ ఫ్రీక్వెన్సీపై ఒక దూరదేశస్థుడు దొరకెనో అదే ఫ్రీక్వెన్సీపై నేటి మధ్యాహ్నము కూర్చుండి, గొంతు తడి యారునంతవఱకు పిలుచుచునే యుండును గాని, సూర్యుడు స్థానము మారెననియు, నిన్నటి త్రోవ మూసికొనెననియు గ్రహింపడు. ఒకనికి పట్టు లేదు, మఱియొకనికి విడుపు లేదు. చూచుటకు భిన్నములుగ తోచు ఈ రెండు దోషములకును మూలమొక్కటే: చెవి నిర్ణయింపవలసిన దానిని చేయి నిర్ణయించుచున్నది. చేతిని చెవికి లోబఱచు అభ్యాసమెట్టిదో ఈ అధ్యాయమున చెప్పబూనితిని.

చెన్నూరు వంటి ఊళ్లలోని యువతీయువకులను తలచుకొని ఈ మాటలు వ్రాయుచున్నాను. గోదావరి ఉత్తరవాహినియై పాఱు ఆ పట్టణము 2016 అక్టోబరు వఱకు ఆదిలాబాదు జిల్లాలోనిది, అటుపిమ్మట మంచిర్యాల జిల్లాలోనిది. హైదరాబాదునకు ఆకాశమార్గమున సుమారు 200 కిలోమీటర్ల దూరమున, ప్రాణహిత కావలి సిరోంచకు చేరువలో నున్నది. క్లబ్బులును, పెద్ద పరికరముల దుకాణములును మహానగరమునందువలె అచ్చట అందుబాటున నుండకపోవచ్చును. అయినను ఆ ప్రాంతపు పెద్దలలో అనేకులకు ట్యూనింగు క్రొత్త విద్య కాదు. 406.5 మీటర్లు, అనగా 738 కిలోహెర్జులపై హైదరాబాదు కేంద్రమును రాత్రివేళ పట్టుటకును, హ్రస్వతరంగములపై సిలోను రేడియో తెలుగు పాట క్షీణించి మరల ఉప్పొంగుచుండ ముల్లును వెండ్రుకవాసి కదల్చి నిలుపుటకును అలవాటుపడిన చేతులవి. ఇంట అట్టి తాతగాని నాయనమ్మగాని యున్నచో, యంత్రశాస్త్రమునకు ముందు వారివద్ద కొంతకాలము కూర్చుండి, పాట జారిపోవునప్పుడు వారి వ్రేళ్లు తొందరపడక యేమిచేయునో గమనింపుడు. సగము విద్య అచ్చటనే లభించును.

ఇక లైసెన్సు మాట క్లుప్తముగ చెప్పెదను. 12 సంవత్సరములు నిండినవారెవరైనను కేంద్రప్రభుత్వ కమ్యూనికేషన్ల మంత్రిత్వశాఖవారి పరీక్షకు కూర్చుండవచ్చును. అందు రెస్ట్రిక్టెడ్, జనరల్ అను రెండు తరగతులలో రెండవదానికి నిమిషమునకు 8 పదముల వేగమున మోర్సు కోడు రావలెను. హైదరాబాదున 1983 లో నెలకొన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వంటి సంస్థలు ఈ విద్యకు చిరకాలముగ దారి చూపుచున్నవి. లైసెన్సు చేతికి వచ్చువఱకు ప్రేషణపు మీట ముట్టరాదు.

ట్యూనింగునందు మొదటి చిక్కు వాక్ప్రసారమునకు సంబంధించినది. హామ్‌లు హ్రస్వతరంగములపై మాటలాడునప్పుడు సాధారణముగ సింగిల్ సైడ్‌బ్యాండు అను పద్ధతిని వాడుదురు. అందు వాహకతరంగమును ప్రేషకుడే తొలగించి, మాటలోని ఒక పార్శ్వమును మాత్రమే పంపును గనుక, ఆ తొలగింపబడిన వాహకమును వినువాని యంత్రము తిరిగి తనలో పుట్టించుకొని సరిగ అదే స్థానమున నిలుపవలెను. 100 హెర్జుల భేదము వచ్చినను మనిషి గొంతు మారిపోవును. 10 మెగాహెర్జులకు క్రిందనున్న బ్యాండులపై లోయరు సైడ్‌బ్యాండును, పైనున్న వానిపై అప్పరు సైడ్‌బ్యాండును వాడుట లోకాచారము. లోయరునందు మీ నాబు ఉండవలసినదానికంటె పైకి పోయినచో గొంతు కీచుగ వినబడును, క్రిందికి దిగినచో బొంగురుపోవును. అప్పరునందు దీనికి సరిగ తలక్రిందులు. ఈ ఒక్క విషయము మనసున నాటుకొన్నచో, గొంతు వినగనే ఎటు త్రిప్పవలెనో చేతికి తెలియును, వెదుకులాట సగమునకు తగ్గును.

ఇందుకొక సాధన కలదు. యంత్రముపై వెలుగు అంకెలను ఒక కాగితముతో మూసివేయుడు. ఉదయము 40 మీటర్ల, అనగా 7 మెగాహెర్జుల, బ్యాండుపై మనదేశపు హామ్‌లు మాటలాడుకొనుచుండగ ఒక సంభాషణను పట్టుకొని, కీచుదనపు వైపునుండి మెల్లగ వచ్చుచు, ఆ గొంతు ఒక మనుష్యుని సహజమైన గొంతుగ మారునంతవఱకు త్రిప్పి, అచ్చట చేయి తీసివేయుడు. తరువాత నాబు జోలికి పోక, ఆ సంభాషణ ముగియువఱకు వినుడు. పేరేమి, ఊరేది, ఏ తీగ కట్టిరి, ఎంత శక్తితో పంపుచున్నారు అని వ్రాసికొనుడు. అంకెలు కనబడుచుండగ కన్ను 7.100, 7.110 అను గుండ్రని స్థానములను కోరును. మాటలాడువాడు వానికి నడుమనెచ్చటనో యుండును. కన్ను మూసికొన్నప్పుడే చెవి పని నేర్చును. దినమునకు పావుగంట చొప్పున కొన్ని వారములు ఈ సాధన చేసినవారు, అంతకుముందు రణగొణధ్వనియని త్రోసివేసిన చోటనే మూడు నాలుగు సంభాషణలను వేఱుచేసి వినుట నేను కన్నులార చూచితిని.

సంభాషణ మధ్యమున ఎదుటివాని యంత్రము కొంచెము జారినచో నేమిచేయవలెను? ప్రధానమైన నాబును త్రిప్పినచో మీ గ్రహణముతోపాటు ప్రేషణము గూడ కదలును. అప్పుడు ఆయనకు మీ గొంతు మారి తోచును, ఆయనయు మీవైపు కదలును, మీరు మరల ఆయన వెంట కదలుదురు, ఇట్లు ఇరువురును ఒకరినొకరు తఱుముకొనుచు ప్రక్కవారి సంభాషణమీదికి ఎక్కుదురు. ఇట్టి వేళకొఱకే ఆర్.ఐ.టి. అను చిన్న నాబును అమర్చిరి. అది మీ గ్రహణమును మాత్రమే సవరించి ప్రేషణమును ఉన్నచోటనే నిలుపును. సర్దుకొనవలసినచోట మనము మాత్రమే సర్దుకొని, ఎదుటివానిని కదల్పకుండు ఈ నేర్పు సంభాషణకంతటికిని ప్రాణము.

పట్టు అనగా కదలకుండుటయే యని భ్రమపడువారికి ఉపగ్రహముల దృష్టాంతము చెప్పెదను. 2005 మే 5 వ తేదీన మన శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి.-సి6 రాకెట్టు కార్టోశాట్-1 తోపాటు 42.5 కిలోగ్రాముల హామ్‌శాట్‌ను గూడ కక్ష్యలో నిలిపెను. 2014 జులైలో బ్యాటరీలు విఫలమగువఱకు అది లోకమునందలి హామ్‌ల మాటలను 435 మెగాహెర్జుల ప్రాంతమున గ్రహించి 145.9 ప్రాంతమున తిరిగి పంపుచుండెడిది. ఉపగ్రహము మనవైపు వచ్చుచుండగ ఫ్రీక్వెన్సీ పైకిని, దాటిపోవుచుండగ క్రిందికిని సుమారు 3 కిలోహెర్జుల వఱకు జరుగును గనుక, దాటు ఆ కొద్ది నిమిషములు చేయి ఆగక కదలుచున్నచోగాని గొంతు నిలువదు. అచ్చట కదలికయే పట్టు.

ప్రేషణమునకు పూనుకొనునప్పుడు మొదట కొంతసేపు విని, ఈ ఫ్రీక్వెన్సీ వాడుకలో నున్నదాయని రెండు పర్యాయములు అడిగి, జవాబు రానిచోనే పిలువవలెను. మీకు వినబడనివాడు మఱియొకనికి వినబడుచుండవచ్చును. ఇరువురు మాటలాడుకొనుచుండగ వారిలో ఒకని గొంతు మీకు అందకపోవచ్చును. మన ఊళ్లలో ఇంట్లో ఎవరున్నారని కేకవేసి, పలుకు విన్న పిమ్మటనే గడప దాటు మర్యాద యిది. యంత్రమును తీగతో సరిపెట్టునప్పుడు శక్తిని 10 వాట్లకు లేక అంతకంటె తక్కువకు దించి, వీలైనచో తీగకు బదులుగ తగిలించు 50 ఓముల డమ్మీలోడుపై తొలి పరీక్ష ముగించుకొనవలెను; పరుల సంభాషణపై పూర్తిశక్తితో నిమిషములకొలది ఈల వేయుటకంటె అమర్యాద ఈ విద్యలో మఱియొకటి లేదు. తీగ యంత్రముతో ఎంతవఱకు సరిపడెనో చూపు ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు 1.5 లోపల నిలిచినచో నిశ్చింత, 2 వఱకు సహింపవచ్చును, 3 దాటినచో మీట విడిచి తీగను చూడవలెను. యంత్రములోని ఆటోమేటిక్ ట్యూనరు మీటరును సంతోషపెట్టగలదు గాని, చెడిన తీగను మంచి తీగగ మార్చలేదు.

బ్యాండు మార్చునప్పుడు యంత్రములోపల ఏమి జరుగునో తెలిసినచో చేతికి భయభక్తులు కలుగును. 7 మెగాహెర్జులపై పంపు యంత్రము 14 పైనను, 21 పైనను గూడ తన ఛాయలను వెదజల్లగోరును. ఆ ఛాయలను అడ్డుకొను ఫిల్టర్లు ఒక్కొక్క బ్యాండునకు వేఱువేఱు, రిలేలు టక్కుమని మార్చునవి అవియే. మీట నొక్కియుండగ బ్యాండు మార్చినచో ఆ రిలేల కొనలయందు నిప్పురవ్వలు పుట్టి అవి మాడిపోవును. పాత వాల్వు యంత్రములలోనైతే మార్చిన ప్రతిసారియు ప్లేటు విద్యుత్తును దించి, లోడును పెంచి, మరల దించి సరిపెట్టవలసియుండెడిది. ఆ శ్రమవలన బ్యాండు మార్పునకు ముందు మనిషి ఆలోచించెడివాడు. నేడు ఒక్క నొక్కుతో మారుచున్నది గనుక ఆ ఆలోచనను మనమే తెచ్చుకొనవలెను.

ఈ సందర్భమున హైదరాబాదునకు చెందిన అష్హర్ ఫర్హాన్ కృషిని తలంపకుండుట తగదు. విదేశీ యంత్రముల వెల విని వెనుదిరుగు మనవారికొఱకు, బజారులో దొరకు సామాన్య భాగములతో ఎవరికివారు కట్టుకొనదగిన బిటెక్స్ అను ట్రాన్స్‌సీవరును ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆయన రూపొందించెను. గ్రహణమునకును ప్రేషణమునకును అవే దశలు రెండువైపుల పనిచేయునట్లు కూర్చుట దాని చాతుర్యము. తీగచుట్టలకు ప్రత్యేకమైన అచ్చులు దొరకనిచోట నల్లాలకు వేయు వాషర్లపైననే తీగ చుట్టుకొమ్మనెను. 2017 చివర వచ్చిన మైక్రోబిటెక్స్ 3 మొదలు 30 మెగాహెర్జుల వఱకు సుమారు 10 వాట్లతో పనిచేయును. అందు వచ్చిన తరంగమును మొదట 45 మెగాహెర్జులకు పైకెత్తుటచేత గ్రహణమునకు బ్యాండుకొక ఫిల్టరు అక్కఱలేకపోయినది, ప్రేషణమున నాలుగు ఫిల్టర్లను మాత్రము రిలేలు మార్చుచున్నవి. నాబును నొక్కి పట్టికనుండి బ్యాండు నెన్నుకొనుటయే మార్పిడి. తన చేతితో కట్టిన యంత్రమున ఆ రిలే చప్పుడు విన్నవాడు దానిని నిర్లక్ష్యముగ త్రిప్పడని నా దృఢమైన నమ్మకము. క్రొత్తవారికి మొదటి యంత్రముగ నేను దానినే చెప్పుదును.

యంత్రమున బ్యాండు మారినంతమాత్రమున చెట్టుపైని తీగ మారదని మఱవకుడు. 143 ని మెగాహెర్జులచే భాగించినచో డైపోలు అను తీగ పొడవు మీటర్లలో వచ్చును: 7.1 నకు సుమారు 20 మీటర్లు. ఆ తీగయే 21 వద్ద గూడ చక్కగ పలుకును, 14 వద్ద మాత్రము మొండికెత్తును. కావున ఒక్క తీగయే గలవారు 40 మీటర్ల బ్యాండునకు కట్టి, 15 మీటర్ల, అనగా 21 మెగాహెర్జుల, బ్యాండును అదనపు లాభముగ గ్రహించుట మేలు.

ఎప్పుడు ఏ బ్యాండు అను ప్రశ్నకు జవాబు సూర్యునివద్ద నున్నది. పగటివేళ భూమికి 60 మొదలు 90 కిలోమీటర్ల ఎత్తుననుండు డి-పొర తక్కువ ఫ్రీక్వెన్సీలను మ్రింగివేయును. రాత్రి అది కరగిపోవును. దానికంటె ఎంతో ఎత్తున నున్న ఎఫ్-పొర తరంగములను వంచి భూమికి పంపును, పగలు బలముగను, తెల్లవారుజామునకు క్షీణించియు నుండును. చెన్నూరినుండి పగలు 7 మెగాహెర్జులపై హైదరాబాదు, నాగపురము, విజయవాడ వినబడును. రాత్రి ప్రొద్దుపోయినకొలది అవే ఊళ్లు మాయమై, దూరదేశములు లేచివచ్చును, దగ్గఱివారికొఱకు 3.5 నకు దిగవలసివచ్చును. 14 పై హైదరాబాదు ప్రాయికముగ వినబడనే వినబడదు. ఆ తరంగము దానిమీదుగ ఎగిరి, మన కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలవారు బ్రతుకుదెరువునకై పోయిన గల్ఫు దేశములయందును, ఇంకను దూరమున ఐరోపాయందును దిగును. 21, 28 పగటి బ్యాండులు, సూర్యబింబముపై మచ్చలు పెరిగిన యేండ్లలో విజృంభించి, తగ్గిన యేండ్లలో నెలలకొలది నిద్రించును. 2019 డిసెంబరున మొదలైన సౌరచక్రము 2024 నాటికి శిఖరము నందుకొన్నది గనుక ఆ యేండ్లలో నేర్చినవారు 28 ఎల్లప్పుడు అట్లే యుండునని తలంపరాదు.

ఇంత చెప్పినను ఇది పుస్తకజ్ఞానమే. ఇప్పుడు, ఈ నిమిషమున, ఏ త్రోవ తెఱచియున్నదో తెలిసికొనుటకు అంతర్జాతీయ హామ్ సంఘములు నెలకొల్పిన 18 బీకను కేంద్రములకంటె మంచి గురువు లేదు. ప్రపంచమంతట వ్యాపించియున్న ఆ కేంద్రములు 14.100 మెగాహెర్జులపై ఒక్కొక్కటి 10 సెకన్ల చొప్పున వంతులవారీగ పలికి 3 నిమిషములకు చుట్టు పూర్తిచేయును, 14.100 పై తన వంతు ముగియగనే ప్రతి కేంద్రమును వరుసగ 18.110, 21.150, 24.930, 28.200 పైకి ఎక్కిపోవును. మనకు మిక్కిలి ఉపకరించునది శ్రీలంక కేంద్రము, 4ఎస్7బి. చెన్నూరు రేఖాంశము సుమారు 79.8 డిగ్రీలు, కొలంబోది సరిగ దాని చెంతనే. అనగా మీ ఇంటినుండి నేరుగ దక్షిణమున, సుమారు 1,300 కిలోమీటర్ల దూరమున. గంట కొట్టిన 1 నిమిషము 30 సెకన్లకు అది 14.100 పై పలుకును, 10 సెకన్లకు 18.110, మఱి 10 సెకన్లకు 21.150, ఇట్లు 2 నిమిషముల 10 సెకన్లకు 28.200 చేరును, మరల ప్రతి 3 నిమిషములకు అదే వరుస. గడియారమును ఫోనుతో సరిచూచుకొని, ఐదు ఫ్రీక్వెన్సీలను మెమొరీలో ముందుగ నుంచుకొని, మోర్సు గ్రహణమున యంత్రము నుంచి, ఆ కేంద్రము వెంట మెట్లెక్కుడు.

14 పై స్పష్టముగను, 18 పై మెల్లగను వినబడి, 21 పై మాయమైనచో, ఆ దూరమునకు ఆ క్షణమున పై హద్దు 18 కిని 21 కిని నడుమ నున్నదని మీరే కొలిచితిరి. అంతటితో 21 మూసికొన్నదని తీర్పు చెప్పకుడు. కొలంబో వినబడని ఆ బ్యాండుపైననే జపానో, కెన్యాయో, ఇస్రాయేలో వినబడవచ్చును, ఏలన దూరము పెరిగినకొలది తరంగము ఎఫ్-పొరను ఏటవాలుగ తాకి సులభముగ వంగును. ప్రతి కేంద్రమును తన పేరు పలికిన పిమ్మట నాలుగు దీర్ఘరవములను 100, 10, 1, చివర వాటులో పదవవంతు శక్తితో పంపును. ఆ నాలుగవ రవము మీ చెవికి చిక్కిన దినమున, ఇంకను ఎక్కువ శక్తిగల యంత్రము కావలెనని మీకు తోచదు. ఋతువు మారినపుడెల్ల ఒక వారము ఉదయ, మధ్యాహ్న, సాయంకాలములయందు ఈ కొలతను తీసి పుస్తకమున వ్రాసినవాడు, ఏడాది తిరుగునప్పటికి తన ఊరి ఆకాశమును గూర్చి ఏ గ్రంథమును చెప్పజాలని సంగతులు ఎఱిగియుండును. వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున అయనోమండలమును శోధించిన పండితులును, గాదంకివద్ద 53 మెగాహెర్జుల రాడారుతో వాతావరణమును పరిశీలించువారును చేయు పనికిని దీనికిని పరికరములలో భేదమేగాని ఓపికలో భేదములేదు.

త్రోవ తెఱచియున్నను వినబడకుండుటకు ఇంటిలోని రొద కారణము కావచ్చును. కరెంటు పోయినప్పుడు విసుగుకొనక, 12 వోల్టుల బ్యాటరీపై యంత్రమును పెట్టి వినుడు. రొద ఎంత తగ్గెనో గుర్తించి, కరెంటు వచ్చిన పిదప ఎల్‌.ఇ.డి. బల్బులు, ఇన్వర్టరు, ఛార్జర్లు ఒక్కొక్కటిగ వేసి దొంగను పట్టుడు. ఎండకాలమున పెద్ద లైన్లనుండి వచ్చు గరగర వాన తడికి అణగినచో, అది మీ ఇంటిది కాదు, స్తంభముపై వదులైన బిగింపుదని గుర్తు. మిరుగము ముందు ఉఱుములు మొదలైనచో మాత్రము సాధన మాని, తీగను యంత్రమునుండి విప్పి ఇంటి వెలుపల నుంచవలెను. ఇందు ధైర్యమునకు తావులేదు.

ఇంత అభ్యాసమెందుకని అడుగువారికి రెండు సంవత్సరములు జ్ఞాపకము చేయుదును. 2004 డిసెంబరున పోర్టుబ్లెయిరునందు, ముందు చెప్పిన హైదరాబాదు సంస్థ ప్రోత్సాహమున భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము, అండమానులనుండి లోకమునందలి హామ్‌లతో మాటలాడు వేడుకకై యంత్రములు నెలకొల్పియుండగ, 26 వ తేదీన సునామీ వచ్చెను. అంతవఱకు దూరదేశములను లెక్కించుకొనుచుండిన ఆ యంత్రములే ప్రధానభూభాగమునకు క్షేమవార్తలు చేరవేసెను. చేతులు అప్పటికే ఆరితేరియుండుటచేతనే అది సాధ్యమైనది. 2022 జులైలో గోదావరి పొంగి మంచిర్యాల వీథులలోనికి వచ్చిన దినములను చెన్నూరువారికి నేను వర్ణింపనక్కఱలేదు. దారులు తెగి, టవర్లు మూగవోయిన రాత్రి హైదరాబాదునకు కబురు పంపవలసివచ్చినచో, ఖండాంతరముల 14 పనికిరాదు. నేలకు 5, 6 మీటర్ల ఎత్తున వేపచెట్టునుండి సాగదీసిన తీగపై పగలు 7, రాత్రి 3.5 పనికివచ్చును. తక్కువ ఎత్తు ఇచ్చట దోషము కాదు. తరంగము నిట్టనిలువుగ పైకెగసి చుట్టుప్రక్కల దిగుటకు అదియే అనుకూలము.

కావున వరద రాకముందే, హైదరాబాదున నమ్మకమైన ఒక మిత్రునితో మాటలాడుకొని ఒక చిన్న కాగితము వ్రాసి ఇరువురును యంత్రముల ప్రక్కన అంటించుకొనుడు. దానిపై పగటి ఫ్రీక్వెన్సీ, రాత్రి ఫ్రీక్వెన్సీ, కలిసికొను వేళలు, ఒకటి మూసికొన్నచో ఎన్ని నిమిషములు వేచి రెండవదానికి మారవలెనో ఆ గడువు, ఈ నాలుగును ఉండవలెను. నెలకొకమాఱు రాత్రివేళ బ్యాటరీపైననే దానిని అమలుచేసి చూడుడు. గడువును మాత్రము విడువకుడు. అది లేనిచో ఒకరు 7 పై, మఱియొకరు 3.5 పై పిలుచుకొనుచు తెల్లవార్చుదురు.